మా బాపు నేసిన బడిబట్ట

నేను లెక్కల టీచరును. నా నోరు అంత మంచిది కాదని మా బడిలో అటెండరు నుంచి హెడ్మాస్టరు దాకా అందరికీ తెలుసు. ఉద్యోగంలో చేరిననాటి నుంచి సర్కారు బడుల్లోనే చెబుతున్నాను. సర్కారు బడిని ఎవరైనా ఒక్క మాట అంటే మీద పడి కరిచినంత పని చేస్తాను. అయినా నా కూతురిని మాత్రం జగిత్యాలలో ప్రైవేటు బడిలోనే చదివించాను. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలని నాకు ఎన్నడూ తోచలేదు. చివరికి వాటిని ఒక బీడీలు చుట్టే తల్లి నా ముందు పెట్టి చూపించింది.

మా పుట్టిల్లు సిరిసిల్ల. మా బాపు సాంచెలు నడిపేవాడు. సాంచెలంటే కరెంటు మగ్గాలు. ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు ఉండేవి, పొద్దంతా టకటకమని కొట్టుకునేవి. వాటి మధ్య పెరిగినవాళ్ళకు మెల్లగా మాట్లాడటం రాదు. నేను క్లాసులో పాఠం చెబితే పక్క క్లాసు పిల్లలు కూడా నోట్సు రాసుకోవచ్చని మా హెడ్మాస్టరు ఎగతాళి చేస్తాడు. అందులో అబద్ధమేమీ లేదు.

కొన్నేళ్ళుగా సర్కారు బడి పిల్లల యూనిఫాం బట్ట సిరిసిల్లలోనే తయారవుతోంది. ఎండాకాలం వచ్చిందంటే మా గల్లీలో ఏ ఇంట్లో చూసినా అదే గళ్ళ బట్ట, అదే చున్నీ బట్ట, తాన్లకు తాన్లు. తమాషా ఏమిటంటే, ఆ బట్ట నేసే చాలా ఇండ్ల పిల్లలు ఆ బట్ట కట్టరు. మెడకు టై కట్టుకొని, పసుపు బస్సెక్కి ప్రైవేటు బడికి పోతారు. పొద్దంతా నేసేది ఆ బడి బట్ట, నేసిన కూలీ పోయేది ఈ బడి ఫీజుకు. మా బాపు నలుగురిలా నవ్వి ఊరుకునే మనిషి కాదు. నేను పండక్కో పబ్బానికో పోయినప్పుడల్లా ఒకే మాట అనేవాడు.

"రాష్ట్రంల అందరి పిల్లలకు బట్ట నేస్తున్న. నా మన్మరాలు మాత్రం టై కట్టుకొని పోతది. నువ్వేమో సర్కార్ బడి పంతులమ్మవు."

"నీకు తెల్వది బాపు, ఇప్పుడు చదువులు గిట్లనే ఉన్నయి," అనేదాన్ని. ఆ మాటకు అర్థమేమిటో నాకే తెలియదు. మా ఆయన మార్కెట్ యార్డులో గుమాస్తా, నేను పొద్దున ఏడున్నరకే స్కూటీ ఎక్కాలి, ఇంటి పక్కన ఆ బడి ఉంది, అందరూ వేస్తున్నారు, మేమూ వేశాం. నిజం చెప్పాలంటే ఇంతే.

మా బడి కోరుట్ల అవతల ఉంటుంది. మూడేళ్ళ కింద తొమ్మిదో తరగతిలో నాకొక పిల్ల దొరికింది. దొరికింది అనే అంటాను, టీచరుకు అట్లాంటి పిల్ల దొరకడం అదృష్టం. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, రెండూ గలగలా మాట్లాడేది. తండ్రి గల్ఫులో డ్రైవరు. తల్లి కోరుట్లలో ఇంటి దగ్గరే బీడీలు చుట్టేది. బడి నుంచి పోగానే ఈ పిల్ల తల్లి పక్కన కూర్చొని చుట్టిన బీడీల మూతులు మూసేది. పుస్తకాన్ని తంబాకు చాటకు ఆనించి నిలబెట్టి, చేతులు బీడీల మీద, కళ్ళు లెక్కల మీద పెట్టి చదివేది. ఆమె నోట్సు తెరిస్తే తంబాకు పొడి రాలేది. మొదట్లో ఇదేం కంపు అని కసురుకున్నాను కూడా. తర్వాత ఇంటికి పోయి చూశాక ఆ మాట మళ్ళీ అనలేదు.

ఒకరోజు బోర్డు మీద త్రిభుజాల లెక్క ఒకటి చేస్తున్నాను. ఆ పిల్ల లేచి నిలబడింది.

"మేడం, గా రెండో లైను ఎట్లచ్చింది?"

"చెప్పిన కదా. కూసో."

"చెప్పిండ్రు మేడం. గని గది అన్ని త్రిభుజాలకు కాదు కదా."

నాకు కోపం వచ్చింది. కూర్చోమని గట్టిగా అరిచాను. ఇంటికి పోయి వంట చేస్తూ మళ్ళీ ఆ లెక్క తలచుకుంటే నాకే తెలిసింది, నేను చెప్పిన తీరు తప్పు. మర్నాడు క్లాసులో అందరి ముందూ ఒప్పుకున్నాను. పిల్లలంతా ఆ పిల్ల వంక చూశారు. ఆ పిల్ల మాత్రం నా వంక చూసి, పోనియ్యండి మేడం అన్నట్టు తల ఊపింది! ఒళ్ళు మండింది, ముద్దు కూడా వచ్చింది.

ఇక్కడ ఒక కాలేజీ సంగతి చెప్పాలి. పదో తరగతి కాగానే పిల్లలను తీసుకొని, ఆరేళ్ళు తన దగ్గరే ఉంచుకొని, తిండీ చదువూ చూసి ఇంజనీర్లను చేసి పంపే ప్రభుత్వ కాలేజీ అది. మా వైపు దాన్ని ఆరేళ్ళ కాలేజీ అంటారు. దానికి వేరే పరీక్ష లేదు, పదో తరగతి మార్కులు చూసి సీటిస్తారు. సర్కారు బడి పిల్లల మార్కులకు ఆ కాలేజీ కొంత కలిపి లెక్క కడుతుంది. అయితే ఎనిమిది, తొమ్మిది, పది, మూడూ సర్కారు బడిలోనే చదివి ఉండాలి. ఒక్క ఏడాది ప్రైవేటుకు పోయి వచ్చినా ఆ కలిపేది కలవదు. ఈ పిల్ల అక్కడికే పోవాలని నేను తొమ్మిదో తరగతిలోనే మనసులో రాసిపెట్టుకున్నాను. ఆ ఇంటి నుంచి ఇంజనీరు కావడానికి వేరే దారి నాకు కనబడలేదు.

తొమ్మిదో తరగతి పరీక్షలు అయ్యాయో లేదో, ఆ పిల్ల తల్లి బడికి వచ్చింది. బురఖా మీది ముసుగు వెనక్కి వేసుకొని, స్టాఫ్ రూము గడప దగ్గరే నిలబడింది.

"టీసీ కావాలె మేడం."

"ఎందుకు?"

"జగిత్యాల ప్రైవేట్ బడోళ్ళు ఇంటికచ్చిండ్రు. మీ పిల్లకు ఫ్రీ సీటు, బస్సు ఫ్రీ, బుక్కులు ఫ్రీ అన్నరు. మా ఇంటాయన గూడ ఫోన్ల గదే చెప్పిండు. పదో తరగతన్న మంచి బడిల చదవనీ అని."

ఏ బడి అని అడిగాను. చెప్పింది. నా కూతురు చదివే బడే.

ఇది మా వైపు ప్రతి ఎండాకాలం జరిగే వేట. సర్కారు బడిలో ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో చదివి తేలిన పిల్లను పదో తరగతికి ఫీజు లేకుండా తీసుకుపోతారు. ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల ఫొటో జగిత్యాల టవర్ సర్కిల్ దగ్గర ఫ్లెక్సీ మీద ఉంటుంది, కింద వాళ్ళ బడి పేరు. దున్నింది ఒకరు, కుప్ప నూర్చుకుపోయేది ఇంకొకరు. నాకు కోపం ఆగలేదు. ఆరేళ్ళ కాలేజీ సంగతంతా చెప్పాను. బయటికి పోతే ఆ కలిపే మార్కులు పోతాయని చెప్పాను. వాళ్ళకు కావలసింది మీ పిల్ల కాదు, మీ పిల్ల ఫొటో అని కూడా అన్నాను. నా గొంతు ఎంత పెరిగిందంటే పక్క క్లాసులో పాఠం ఆగిపోయింది.

ఆమె అంతా విన్నది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"ఒక్క మాట అడుగుత, గుస్సా కాకుండ్రి మేడం. మీ బిడ్డ ఏ బడిల చదువుతున్నది?"

చెప్పక తప్పలేదు.

ఆమె నవ్వలేదు, దెప్పలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "అయితె గా బడి మంచిదే కదా మేడం. మంచిది కాకపోతె మీరెందుకు ఏస్తరు?"

రెండు రోజులు ఆగమన్నాను, మూడో రోజు వస్తే టీసీ రాసిస్తానన్నాను. ఆమె సరేనని పోయింది. ఆమె నిలబడ్డ గడప దగ్గర కాసేపు తంబాకు వాసన ఉంది, నేను ఆ గడపనే చూస్తూ కూర్చున్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో మాట ఎత్తాను. కూతురిని మా బడిలో పదో తరగతిలో చేరుస్తానన్నాను. మా ఆయన చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"నీకు దిమాక్ ఖరాబైందా? పదో తరగతి ముంగట ఎవలన్న బడి మారుస్తరా?"

నా కూతురు అప్పటిదాకా ఫోను చూస్తోంది. తలెత్తి ఒక్క మాట అంది.

"నా కోసం కాదు డాడీ. అమ్మ గెలవనీకి మారుస్తున్నది."

పద్నాలుగేళ్ళ పిల్ల అంత సూటిగా అంటుందని అనుకోలేదు. నిజమే, నా మాట నిలబెట్టుకోవడానికే. ఆ సంగతి దానికి అట్లాగే చెప్పాను. బీడీల ఇంటి పిల్ల సంగతి, తల్లి అడిగిన మాట, ఆమె ముందు నాకు తల ఎత్తబుద్ధి కాకపోవడం, అన్నీ చెప్పాను. ఇంకో సంగతి కూడా దాచలేదు. ఆరేళ్ళ కాలేజీలో కలిపే మార్కులు నీకు కలవవు, నువ్వు వస్తున్నది పదో తరగతికే కదా అన్నాను.

"నాకేం అవసరం లేదు కలుపుడు," అంది. ఆ వయసు పౌరుషం అది. కాసేపటికి మళ్ళీ అంది, "అస్త. గని ఒక షరతు. బడిల నువ్వు నాకు అమ్మవు కాదు. అందర్ని తిట్టినట్టే నన్ను గూడ తిట్టాలె."

తిట్టడానికి నాకు షరతులు ఎందుకు! ఒప్పుకున్నాను. మా ఆయన వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మూడో రోజు ఆ తల్లి వచ్చేసరికి నా కూతురి టీసీ నా చేతిలో ఉంది. ప్రైవేటు బడి నుంచి పొద్దున్నే తెచ్చాను. ఆమె చేతికిచ్చి చదువుకోమన్నాను.

"ఇగో, ఇది మా బిడ్డ టీసీ. గీ బడిలనే ఏస్తున్న. ఇప్పుడు చెప్పు, నీ బిడ్డ టీసీ రాయమంటె రాస్త."

ఆమె ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. తంబాకుతో పసుపెక్కిన వేలు పేరు మీద పెట్టి ఒక్కొక్క అక్షరమే చదువుకుంది. తిరిగి నా చేతికిచ్చింది.

"వద్దు తియ్యుండ్రి మేడం. ఇద్దర్ని ఒక్క బెంచిల కూసోబెట్టుండ్రి."

జూన్‌లో యూనిఫాంలు వచ్చాయి. మహిళా సంఘాల వాళ్ళు కుట్టి పంపుతారు, ఏ పిల్లకూ సరిగ్గా కుదరవు. నా కూతురి లాల్చీలో ఇంకో పిల్ల పడుతుంది. అయినా ఆ ఆదివారం ఆ బట్టలోనే సిరిసిల్లకు తీసుకుపోయాను. మా బాపు సాంచె ఆపి బయటికి వచ్చాడు. మనుమరాలిని పై నుంచి కింది దాకా చూశాడు. మొహం నిండా సంతోషం. ఆ ఏడు ఆయనకు వచ్చింది చున్నీ బట్ట ఆర్డరు.

"చున్నీ ఇటియ్యి బిడ్డా."

అద్దాలు తుడుచుకొని, చున్నీ అంచు వేళ్ళ మధ్య పెట్టుకొని వెలుతురుకు పట్టాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. మేమంతా ఆయన మనదే అంటాడని కాచుకొని ఉన్నాం.

"ఇది మన సాంచెది కాదు," అన్నాడు.

నాకు చిరాకు పుట్టింది. "పిల్ల ఖుషీ కోసమన్న మనదే అనరాదా బాపు?"

"బట్ట కాడ అబద్ధం చెప్ప," అన్నాడు. తర్వాత మనుమరాలిని షెడ్డులోకి పిలిచి చూపించాడు. పడుగు పోగులను విడివిడిగా పట్టి ఉంచే దువ్వెనలాంటిది ఒకటి సాంచెకు ఉంటుంది, దాన్ని అచ్చు అంటారు. బాపు రెండో సాంచె అచ్చులో ఒక పన్ను కొంచెం వంగింది. అందువల్ల అంచుకు రెండు వేళ్ళ లోపల పోగులు దగ్గరగా పడి, బట్ట పొడుగునా సన్నని గీత వస్తుంది. బట్ట కొనే ఆఫీసర్లు ఎన్నడూ కనిపెట్టలేదు, తొడుక్కునేవాళ్ళకు కనబడదు. కొత్త అచ్చు వేయాలంటే సాంచె ఆపాలి, ఇయ్యాల రేపు అనుకుంటూ వదిలేశాడు.

"నా బట్ట ఏడున్నా నేను గుర్తువడుత," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో ఉన్న గర్వం ఏ ప్రైవేటు బడి కరస్పాండెంటుకూ రాదు.

పదో తరగతి ఏడాది నా కూతురికి మొదట్లో నరకంలా ఉంది. ప్రైవేటు బడిలో అయితే రోజూ పొద్దున చిట్టి పరీక్ష, మధ్యాహ్నానికి మార్కులు తల్లిదండ్రుల ఫోనుకు, ఏ ప్రశ్నకు ఏ వరుసలో రాయాలో ముందే అచ్చేసిన కాగితం. ఇక్కడ అవేవీ లేవు. లెక్క ఇస్తే నా వంక చూస్తూ కూర్చునేది, మొదటి మెట్టు ఎవరైనా చెబుతారేమోనని. పక్కనున్న పిల్ల మాత్రం తప్పో ఒప్పో ఏదో ఒకటి మొదలుపెట్టేది, తప్పయితే కొట్టేసి ఇంకోటి మొదలుపెట్టేది. మూడు నెలలు ఒకే బెంచీలో కూర్చున్నాక నా కూతురు కూడా కొట్టేయడం నేర్చుకుంది. నా ఉద్దేశంలో ఆ ఏడాది అది నేర్చుకున్న పెద్ద చదువు అదే. నా కూతురు ఆ పిల్లకు ఇంగ్లీషులో జంకకుండా మాట్లాడటం నేర్పింది. వాళ్ళిద్దరూ ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు కలిపి గొడవపడుతుంటే ఎవరు ఏ భాషలో గెలిచారో నాకు తెలిసేది కాదు.

ప్రైవేటు బడి చెడ్డదని నేను అనను. నా కూతురి చేతిరాత అక్కడిదే, రోజూ కూర్చొని చదివే అలవాటు అక్కడిదే. ఆ అలవాటు మా పిల్లలకు రావాలంటే బడి అయ్యాక కూర్చోబెట్టి చదివించాలి, ఆకలికి ఏదైనా పెట్టాలి. అందుకే శనగలో బొబ్బర్లో ఉడకబెట్టి, తాలింపు వేసి ఇంట్లో గుడాలు చేసి, పెద్ద క్యాన్‌లో పోసి, స్కూటీ ముందు పెట్టుకొని పోయేదాన్ని. తాలింపు వాసనకు తొమ్మిదో తరగతి పిల్లలు కూడా మేమూ చదువుకుంటాం మేడం అని వచ్చేవాళ్ళు. గుడాలు అయిపోగానే చదువూ అయిపోయేది వాళ్ళకు.

పరీక్షల ముందు ఒక ఆదివారం నా కూతురు కలిసి చదువుకుంటానని కోరుట్లలో ఆ పిల్ల ఇంటికి పోయింది. సాయంత్రానికి రమ్మంటే మధ్యాహ్నమే వచ్చేసింది. ఏమైందని అడిగితే తల నొస్తుందని పడుకుంది. నేను కూడా ఎక్కువ అడగలేదు.

ఫలితాలు వచ్చాయి. బడిలో మొదటి మార్కులు నా కూతురివి. నాలుగు మార్కుల తేడాతో రెండోది ఆ పిల్ల. గంట తిరగకముందే ప్రైవేటు బడి కరస్పాండెంటు ఫోను చేశాడు.

"కంగ్రాట్స్ మేడం. పాప ఫొటో ఒకటి పంపండి. మా దగ్గర చదివిన పాపనే కదా, ఫ్లెక్సీ మీద పెడతాం."

"పదో తరగతి మా బడిల చదివింది సార్. మీకు ఫొటోనే కావాలంటె నా ఫొటో పంపుత, పెట్టుకోండ్రి," అని ఫోను పెట్టేశాను. ఆ రోజంతా ఆ మాట తలచుకొని నాలో నేనే నవ్వుకున్నాను.

ఆరేళ్ళ కాలేజీకి ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. జాబితా వచ్చిన రోజు పొద్దున ఇంట్లో కంప్యూటరు ముందు నేను, మా ఆయన, నా కూతురు ముగ్గురం కూర్చున్నాం. ఆ పిల్ల పేరు ఉంది. పై నుంచి కిందికి, కింది నుంచి పైకి చూశాం. నా కూతురి పేరు లేదు. నాలుగు మార్కులు ఎక్కువ వచ్చినా లేదు, ఎందుకంటే ఆ పిల్ల మార్కులకు కలిసింది, దీని మార్కులకు కలవలేదు.

దాచను, నా కడుపు మండింది. ఏడాది పొడుగునా ఆ పిల్లకు సీటు రావాలని మొక్కింది నేనే. అది వచ్చిన క్షణంలో నాకు కనబడింది మాత్రం నా కూతురి పేరు లేని జాబితా. ఆ పిల్లను బయటికి పోనిచ్చి ఉంటే ఆ సీటు నా కూతురికే వచ్చేదేమో అనే ఆలోచన కూడా ఒక్క నిమిషం వచ్చిపోయింది. టీచరునైనందుకు ఆ నిమిషం నాకు సిగ్గుగానే ఉంది.

మా ఆయన లేచి నిలబడ్డాడు. "ఎక్కువ మార్కులచ్చిన పిల్లకు లేదు, తక్కువచ్చినదానికి ఉన్నది. గిదేం న్యాయం?"

జవాబు నేను చెప్పలేదు, నా కూతురు చెప్పింది.

"డాడీ, నేను ఒక్కరోజు దాని ఇంట్ల కూసుండి చదువుదామని పోయిన. తంబాకు ఘాటుకు గంట గూడ కూసోలేకపోయిన. కండ్లు మండినయి, వాంతికచ్చింది. అది రోజూ ఆడనే చదివింది. నాలుగు మార్కులకేం కొట్లాడుతరు?"

అని లోపలికి పోయింది. బాత్రూములో కొళాయి చాలాసేపు తిప్పి ఉంచింది, ఏడుపు వినబడకుండా. నాకు వినబడింది. తలుపు కొట్టలేదు. నా బిడ్డ ఓడిపోయి ఏడుస్తుంటే తలుపు అవతల నిలబడి నేను గర్వపడ్డాను. అట్లా కూడా గర్వపడతారని అప్పటిదాకా నాకు తెలియదు. మా ఆయన నా పక్కకు వచ్చి నిలబడ్డాడు, న్యాయం మాట మళ్ళీ ఎత్తలేదు.

తర్వాత ఆ తల్లికి ఫోను చేశాను. సీటు వచ్చిందని చెప్పగానే అల్లా పేరు తలచుకుంది. వెంటనే అడిగింది, "మీ బిడ్డది మేడం?"

"రాలే."

ఫోనులో ఏడుపు. "నేను ఆనాడు గా మాట అడగకపోతె మీ బిడ్డ గా బడిలనే ఉండేది. నా వల్లనే అయింది మేడం."

"ఆడ ఉన్నా గీ సీటు రాకపోయేది. ఏడుస్తవేంది? పోయి సంచి సర్దు," అని కసిరాను. ఆ మాట ఆమెకు చెప్పానో, నాకు నేను చెప్పుకున్నానో.

నా కూతురు జగిత్యాల సర్కారు జూనియర్ కాలేజీలో చేరింది. నేను చేరమనలేదు, అదే చేరతానంది. మా ఆయన అడిగితే, మళ్ళీ మారితే మళ్ళీ కలపరు కదా డాడీ అని నవ్వింది. ఇప్పుడు రెండో ఏడు చదువుతోంది. ఏమవుతుందో తెలియదు, లెక్కలు మాత్రం నన్ను అడగడం మానేసింది, నాకే తప్పులు చూపిస్తోంది.

ఆ పిల్ల కాలేజీకి పోయే ముందు మా బడిలో చిన్న సభ పెట్టాం. మా బడికి అంతకుముందు ఫ్లెక్సీ అనేదే లేదు. ఆ రోజు గేటుకు ఒకటి కట్టాం, ఆ పిల్ల ఫొటో, కింద మా బడి పేరు. మా బాపు చూస్తానని పట్టుబట్టి సిరిసిల్ల నుంచి బస్సులో వచ్చాడు. మనుమరాలి పక్కన ముందు వరుసలో కూర్చున్నాడు. ఆ పిల్లను చివరిసారి బడి బట్టలోనే రమ్మన్నాం. తల మీదుగా చున్నీ కప్పుకొని, తల్లి చేయి పట్టుకొని వచ్చింది. నేను బాపుకు చూపించి, ఈ పిల్లే అని చెప్పాను. ఆ పిల్ల వంగి సలాం చేసింది. బాపు దీవించబోయి ఆగిపోయాడు. ఆయన కళ్ళు చున్నీ మీద ఉన్నాయి.

"బిడ్డా, గా చున్నీ కొస ఒక్కసారి ఇయ్యి."

ఆ పిల్ల తల్లి వంక చూసింది. తల్లే కొస తీసి ఆయన చేతికి అందించింది. బాపు అద్దాలు తుడుచుకున్నాడు. వెలుతురుకు పట్టాడు. అంచు నుంచి రెండు వేళ్ళు కొలిచి, బొటనవేలితో పొడుగునా తడిమాడు.

"ఇది మనది," అన్నాడు. "ఇది మన రెండో సాంచెది."

నేను వంగి చూశాను. వంగిన అచ్చు వేసిన గీత, వెంట్రుకంత సన్నగా, అంచు పొడుగునా పోయింది. బట్ట దగ్గర అబద్ధం చెప్పని మనిషి అని నాకు తెలుసు, అయినా నా కళ్ళతో చూసుకున్నాను. నా కూతురు కూడా వచ్చి ఆ గీత మీద వేలు పెట్టింది.

ఆ పిల్ల ఊరుకుంటుందా! "అంటే మీ తాత బట్ట కట్టుకొని నీ సీటు నేను కొట్టేసిన్నా?" అంది నా కూతురితో.

"నా సీటు కాదు, నీదే. బట్ట మాత్రం మాది," అంది నా కూతురు. ఇద్దరూ నవ్వారు. ఆ తల్లి మాత్రం నవ్వలేదు, ఆ చున్నీ కొసను బాపు చేతిలోంచి తీసుకొని కళ్ళకు అద్దుకుంది.

బాపు మా ఆయన వైపు తిరిగాడు. "ఇంకేంది అల్లుడా, సీటు మనింటికి గూడ అచ్చినట్టే." మా ఆయన తల ఊపాడు.

సభ అయ్యాక బాపును సిరిసిల్ల బస్సు ఎక్కించడానికి కోరుట్ల బస్టాండుకు పోయాం. ఆయనకు కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు కదలబోతుంటే నా కూతురు కిటికీ దగ్గరికి పోయి ఊచ పట్టుకుంది.

"తాతా, గా అచ్చు మార్చకు."

"మార్చనులే బిడ్డా," అన్నాడు బాపు.